కండువా కప్పిన చేయి

పాలకుర్తి బస్టాండు వెనక కుట్టుమిషను పెట్టుకుని బతికిన మా దర్జీ చాచా పోయిన వారం కన్నుమూశాడు. వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి, "మా అబ్బా పోయిండు అన్నా" అంది. ఆ సాయంత్రం టీవీ పెడితే, ఎవరో నాయకుడు ఏదో పార్టీ కండువా కప్పుకున్నాడని వార్త. వెంటనే కట్టేశాను. ఊరి విలేకరిగా ఆ మాట నేనూ ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

ఆ మాట ఎలా పుట్టిందో నాకు చెప్పింది చాచాయే. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో ఆయన దుకాణం నిండా కండువాల గుడ్డే ఉండేది. బయట కొన్న కండువాలకు అంచులు మడవరు, దారాలు వేలాడుతుంటాయి. ఈయన ప్రతిదానికీ అంచు మడిచి కుట్టేవాడు. "ఒక్క సభకే కదా చాచా" అంటే కళ్లద్దాల పైనుంచి చూసి, "ఒక్క రోజుకు కప్పుకునేటోనికి నేను కుట్టను" అనేవాడు.

"కండువా కప్పుడంటే ఏందనుకున్నవ్ బేటా? మా దాదా చెప్పేటోడు. ఎన్కట పంచాయితీల ఎవలన్న మాటిస్తే, ఆనికి జామీను నిలబడేటోడు తన రుమాలు తీసి ఆని భుజం మీద కప్పేటోడట. వీడు మాట తప్పితే నన్నడుగున్రి అని. కప్పుకున్నోని కన్న కప్పినోనికే జిమ్మేదారి ఎక్కువ."

ఈ సంగతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అయినా నాకు ఇదే అసలు అర్థం.

మా ప్రాంతపు నాయకుడు ఒకాయన ఉద్యమంలో చేరినప్పుడు, కండువా కప్పే పని ఊరంతా కలిసి చాచాకే అప్పగించింది. "రాష్ట్రం వచ్చేదాకా ఈ కండువా తీయను" అని ఆ నాయకుడు మైకులో ఒట్టు పెట్టాడు. ఆ వాక్యం రాసిచ్చింది నేను. తర్వాత చాచా అతన్ని వెంటబెట్టుకుని లింగాల ఘనపూర్ దాకా ఇల్లిల్లూ తిరిగాడు. "నన్ను జూసి నమ్మున్రి" అన్నాడు. నమ్మారు. వాళ్ల పిల్లలు కాలేజీలు మాని రోడ్ల మీద బైఠాయించారు, కేసుల్లో ఇరుక్కున్నారు.

ఏడాది తిరక్కుండానే ఆ నాయకుడు హైదరాబాద్ వెళ్లి, రాష్ట్రం వద్దనేవాళ్ల కండువా కప్పుకుని నవ్వుతూ ఫొటో దిగాడు. మమ్మల్ని నిలువునా ముంచాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ రోజు దుకాణం ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. చాచా అంతా విని, మిషను మీద గుడ్డ కప్పి, "బండి తియ్యి, జర పనున్నది" అన్నాడు.

అప్పుడు తిరిగిన ఇళ్లన్నీ మళ్లీ తిరిగాం. ప్రతి గడప ముందూ చెప్పులు విడిచి, టోపీ సర్దుకుని ఒకటే మాట చెప్పేవాడు. "ఆనికి కండువా కప్పింది నేను. తప్పయింది, మాఫ్ చెయ్యున్రి." కొందరు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. కొందరు మొహం మీదే తలుపు వేశారు. మూసిన తలుపుకైనా మొత్తం చెప్పాకే అక్కణ్నుంచి కదిలేవాడు. నేను మాత్రం ఏ ఇంటి ముందూ బండి దిగలేదు.

చివరిది, కొడుకు ఇంకా జైల్లోనే ఉన్న ఒక తల్లి ఇల్లు. ఆమె గడపలోకి వచ్చి నిలబడింది.

"నువ్వైన వచ్చినవ్ అన్నా" అంది. "గా ఒట్టు మాటలు ఆనికి ఎవడో రాసిచ్చిండంట గదా. ఆడెందుకు రాలే?"

రోడ్డు మీద ఉన్న నాకు ప్రతి అక్షరం వినబడింది. బండి హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. చాచా నా వైపు తిరగలేదు. మండుటెండలో, ఉత్త కాళ్లతో, ఆమెకు నేను కనబడకుండా ఒక అడుగు పక్కకు జరిగి నిలబడ్డాడు.

"అది గూడ నా మీదనే ఏయి చెల్లే" అన్నాడు.