కరకట్ట మీద ఒక సామెత

చాలా ఏళ్ళుగా దీన్ని మోస్తున్నాను. దింపుకోవడానికి చోటు దొరక్క కాదు, దింపితే నలుగురికీ కనబడుతుందన్న భయంతో. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకుండానే ఉండనివ్వండి. తెలిసినవాళ్ళకు చెబితే "పోనీలెండి, తప్పు చెయ్యనివాళ్ళెవరు" అని వెంటనే ఓదారుస్తారు. ఆ ఓదార్పు నాకు వద్దు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను ఎవరి సొమ్మూ తినలేదు. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఒక సామెత చెప్పాను. నవ్వొస్తోందా? అప్పుడు కూడా అందరూ నవ్వారు.

మా ఊరు తాడేపల్లి. కరకట్టకు ఆనుకుని ఉన్న వీధుల్లో మాదొకటి. ఇప్పుడు మీరొస్తే కట్ట వెంబడే చక్కటి నడకదారి కనిపిస్తుంది. నడిచేవాళ్ళకు ఒక వైపు, సైకిళ్ళకు ఒక వైపు. పొద్దున్నే చీరల కింద బూట్లు వేసుకుని ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ నడుస్తుంటారు. యాభై దాటాక సైకిల్ నేర్చుకున్న ఆవిడ ఒకరున్నారు మాలో. కృష్ణ మీద నుంచి గాలి వస్తుంది, అవతల బెజవాడ కనిపిస్తూ ఉంటుంది. ఆ దారి రావాలని అర్జీలు పట్టుకుని తిరిగినవాళ్ళలో నేను ముందున్నాను. ఆ దారి మంచిది. ఈ మాట నేను వెనక్కి తీసుకోను. అదే నా చిక్కు కూడా. చెడ్డపని కోసం అబద్ధమాడి ఉంటే ఒప్పుకోవడం ఇంత కష్టమయ్యేది కాదేమో.

నాకు అంత తొందరెందుకో కూడా చెప్పాలి. మా ఆయనకు షుగరు. రోజూ నడవాల్సిందేనన్నారు డాక్టరు. నడవడానికి మాకున్నది లారీలు తిరిగే రోడ్డు. ఒక ఉదయం వెనక నుంచి వచ్చిన మోటారు సైకిలు తగిలి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. అతుక్కుంది గానీ, ఆ తర్వాత రోడ్డెక్కాలంటే ఆయనకు వణుకు. కాళ్ళున్న మనిషి కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేవారు. ఆయన్ని అలా చూడలేకపోయేదాన్ని.

కట్ట మీద ట్రాక్ వస్తోందనగానే మా వీధి చివరే మెట్లూ వాలుదారీ పెట్టమని అడిగాను. ఆ చివర కట్ట దిగువన ఒక రేకుల షెడ్డు ఉండేది. నాగూరు, అతని భార్య మస్తాన్‌బీ అందులో పరుపులు కుట్టేవాళ్ళు. పేర్లు మార్చాను. దూదేకుల వాళ్ళు, తాతల కాలం నుంచి అదే పని. పాత పరుపు విప్పి, ముద్దకట్టిన దూది ఎండలో పరిచి, బెత్తంతో కొట్టి, మెషీన్లో ఏకి, మళ్ళీ కొత్త గళ్ళగుడ్డలో నింపి దబ్బనంతో కుట్టేవాళ్ళు. ఊళ్ళో ఏకితే దూది ఎగిరి పక్కింటి పప్పులో పడుతుంది, రోజూ తగాదా. అందుకే ఎండా చోటూ ఉన్న ఆ ఒడ్డున షెడ్డు వేసుకున్నారు.

ఎప్పుడు వేసుకున్నారంటే, నాకంటే ముందు. నేను పర్చూరు నుంచి కాపురానికి వచ్చేసరికే ఉన్నారు. మా మంచం మీది పరుపు మా అత్తగారు ఆ షెడ్డులోనే కుట్టించారు. అప్పటికి నాగూరు వాళ్ళ నాన్న పని చేసేవాడు, మస్తాన్‌బీ నాలాగే కొత్త కోడలు. ఇద్దరం ఒకరినొకరం పలకరించుకోవడానికి సిగ్గుపడ్డాం. ఇది నాకు బాగా గుర్తుంది. గుర్తు లేదని తప్పించుకునే దారి కూడా నాకు లేదు.

ట్రాక్ పనులు చూసే ఇంజినీరు ఒక రోజు కొలతలకు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. అర్జీలు పెట్టినవాళ్ళం కొందరం కట్ట మీద నిలబడ్డాం. నాగూరు వాళ్ళు ఆ రోజు పెళ్ళికని ఊరెళ్ళారు. షెడ్డుకు తాళం.

"ఈ షెడ్డు ఎప్పట్నించి ఉందండి?" అని నన్నే అడిగాడు. "పాతవాళ్ళయితే పక్కనే ఎక్కడన్నా చోటు చూపించాలండి. అది తేలేదాకా ఇటువైపు పని ఆపాలి. ఈ మధ్య వేసుకున్నదైతే బాధ లేదు, తీయించేస్తాం."

ఆపాలి అన్న మాట ఒక్కటే నా చెవిన పడింది. ఎన్నాళ్ళు ఆపుతారు? చోటు ఎప్పటికి దొరుకుతుంది? ఈలోగా మెట్లు వేరే వీధికి పోతే?

"ఈ మధ్యేనండి," అన్నాను. ఆ అబద్ధం పలచగా వినిపించింది నాకే. బలం సరిపోలేదనిపించింది. వెంటనే కలిపాను: "దూది ఏకుకుంటామని వచ్చారు. ఏకులా వచ్చి మేకులా కూర్చున్నారు."

ఏకు అంటే ఏకిన దూది చుట్ట. అంత మెత్తగా వచ్చి మేకులా దిగబడ్డారని సామెత. దూదేకేవాళ్ళ మీద ఆ సామెత వేసేసరికి అందరికీ భలే కుదిరిందనిపించింది. ఇంజినీరు నవ్వాడు. "బాగా చెప్పారండి" అన్నాడు. మాలో ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళకూ నిజం తెలుసు. వాళ్ళూ నవ్వారు. నవ్విన తర్వాత "కాదు" అనడం ఎవరికైనా కష్టం. అలా నా అబద్ధానికి సాక్షులు కుదిరారు.

ఆ సామెత నా నోటికి అంత సులువుగా ఎలా వచ్చింది? దీని మీద చాలా ఆలోచించాను. మా ఆయన కోసం అన్నాను అని మొదట్లో నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. నిజమే, కానీ అంతా నిజం కాదు. మధ్యాహ్నం ఆ మెషీన్ చప్పుడంటే నాకు చిరాకు. ఆరేసిన బట్టల మీద నూగు పడితే గొణుక్కునేదాన్ని. కొత్త ట్రాక్ పక్కన మాసిన పరుపులు ఆరేసి ఉంటే చూడ్డానికి బాగుండదనీ అనుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది, రాయడానికి చెయ్యి ఆడటం లేదు. ఆ షెడ్డు మా వాళ్ళలో ఎవరిదైనా అయితే ఈ మధ్యే వచ్చారని అనగలిగేదాన్నా? అంటే ఊరుకునేవాళ్ళా? వాళ్ళు ఎన్ని తరాలున్నా ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళే అన్నట్టు చెల్లుతుందని నాకు లోపల తెలుసు. తెలిసే అన్నాను.

పెళ్ళి నుంచి వచ్చేసరికి షెడ్డు తీసేయమని వాళ్ళకు చెప్పారు. మస్తాన్‌బీ పరుగున మా ఇంటికి వచ్చింది. గుమ్మం లోపలికి రాకుండా నిలబడింది.

"అక్కా, మేమెప్పట్నించి ఉన్నామో నీకు తెలుసుగా. కొత్తోళ్ళని ఎవరో చెప్పారంట. నువ్వు చదువుకున్నదానివి, నీ మాటింటారు. ఒక్క మాట చెప్పక్కా."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఇంజినీరు ఫోన్ నంబరు నా దగ్గరే ఉంది. పొరపాటు పడ్డానండి, వాళ్ళు పాతవాళ్ళే అంటే అయిపోయేది. నామోషీ అడ్డొచ్చింది. అందరి ముందూ అంత బాగా చెప్పిన సామెతను ఎలా వెనక్కి తీసుకోను?

"చెప్పి చూస్తాను," అన్నాను. రెండు రోజులాగి "చెప్పాను మస్తాన్‌బీ, వినలేదు" అన్నాను. మొదటి అబద్ధం నోరు జారి వచ్చిందని అనుకున్నా, ఈ రెండోది కూర్చుని ఆలోచించుకుని చెప్పింది. నా బరువంతా నిజానికి దీనిదే.

వెళ్ళిపోయే ముందు నాగూరు వచ్చాడు. చేతిలో కొత్త దిండు ఉంది. "సారుకి తుంటి నొప్పన్నారుగా, కాలి కింద పెట్టుకోమనండి. మాకోసం మీరొక్కరే మాట్లాడారమ్మా," అన్నాడు. తీసుకున్నాను. తీసుకోకపోతే ఎందుకని అడుగుతాడు కదా.

దారి వచ్చింది. మా వీధి చివరే మెట్లొచ్చాయి. మా ఆయన కర్ర పట్టుకుని మొదలుపెట్టి, కర్ర వదిలేసి నడిచారు. ప్రారంభం రోజు నాకు శాలువా కప్పారు. ఆయన నడుస్తుంటే చూసి సంతోషపడ్డాను, అది దొంగ సంతోషం కాదు. ఆ షెడ్డున్న చోట ఇప్పుడు బెంచీ ఉంది. దాని మీద మాత్రం కూర్చోలేను. మోకాళ్ళ నొప్పులకు కూర్చుంటే లేవలేనని సాకు చెబుతాను. మా ఆయనకూ అదే చెప్పాను.

ఈ మధ్య ఒక పొద్దున మస్తాన్‌బీ ఎదురైంది. చుట్టాలింటికి వచ్చి ట్రాక్ చూద్దామని వచ్చిందట. ప్రత్తిపాడులో ఉంటున్నారట. చిక్కిపోయింది. నన్ను చూసి నవ్వి, నా పక్కనున్న స్నేహితురాళ్ళతో అంది: "మా షెడ్డు తీసేసేటప్పుడు ఈ అక్కొక్కతేనమ్మా మాకోసం అడ్డం పడింది."

వాళ్ళు నావైపు మెచ్చుకోలుగా చూశారు. ఒకావిడ నా భుజం తట్టింది. తల దించుకున్నాను. అది వినయమనుకున్నారు.

ఇక ఆగలేకపోయాను. వారం తిరక్కుండా ప్రత్తిపాడు బస్సెక్కాను. మస్తాన్‌బీ అద్దె ఇంటి ముందు కూర్చుని కూలికి మిరపకాయల తొడిమలు తీస్తోంది. నాగూరు ఇంట్లో లేడు. మెషీన్ ఎప్పుడో అమ్మేశారట. పెట్టుకోవడానికి చోటేదీ? గుంటూరు యార్డులో మిర్చి బస్తాల మూతులు కుడుతున్నాడట. చేతిలో దబ్బనం అదే, ఘాటుకు రాత్రిళ్ళు దగ్గుతున్నాడని చెప్పింది.

చెప్పాను. ఏడవకుండా చెప్పాలని ముందే అనుకున్నాను. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుంది. ఇంజినీరు అడిగింది, నేనన్నది, తర్వాత ఎవరికీ ఫోన్ చేయకపోవడం, అన్నీ చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. తొడిమలు తీస్తూనే ఉంది. తలెత్తకుండానే అడిగింది.

"సామెతేదో అన్నానన్నావు. ఏందక్కా అది?"

సామెత వేశానన్నాను గానీ, అదేమిటో చెప్పకుండా దాటేశాను మరి. ఆమె ముఖం చూస్తూ అనాల్సి వచ్చింది. "ఏకులా వచ్చి" అన్నాను. సగంలో ఆపేశాను.

"మేకులా కూర్చున్నామా," అంది. ఒక కాయ తొడిమ తీసి బుట్టలో వేసింది. "మా మామ ఆ కట్ట కింద తుమ్మకంప కొట్టి చోటు చేసుకున్నాడక్కా. అప్పుడక్కడ మీ వీధే లేదు."

క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయనకి మాత్రం చెప్పమాకు. ఆ ఊళ్ళో ఒక్కరన్నా మనోళ్ళున్నారని ఇప్పటికీ చెప్పుకుంటాడు. అదన్నా ఉండనీ."

చెప్పనన్నాను. వెళ్ళొస్తానన్నాను. ఆమె ఇంకో కాయ అందుకుంది. మంచినీళ్ళు తాగుతావా అని కూడా అడగలేదు, అడగాలని నేనూ అనుకోలేదు.

ఇప్పుడు ఆమె ఆ మాట కడుపులో పెట్టుకుని రోజూ ఆయనకు అన్నం వడ్డించాలి. ఆయన నన్ను మెచ్చుకుంటుంటే వినాలి, ఊ కొట్టాలి. నేను బరువు దించుకున్నానా, తీసుకెళ్ళి ఆమె నెత్తిన పెట్టానా? ఒప్పుకోవడం మంచిపనని అందరూ అంటారు. ఎవరికి మంచిదో అడిగినవాళ్ళు లేరు. ఆలోచించే కొద్దీ ఇందులోనూ నా సుఖమే చూసుకున్నానని అనిపిస్తోంది. నాగూరుకు చెప్పనని మాటిచ్చాను గనుక, మిగిలింది ఇలా మీతో చెప్పుకుంటున్నాను. మీరూ ఏమీ అనకండి.

ఒక్కటి మిగిలింది, అది కూడా రాసేస్తాను. గుంటూరు వెళ్ళే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఊరు దాటకముందే కళ్ళు మూతలు పడ్డాయి. స్టాండులో కండక్టరు వచ్చి లేపేదాకా, అన్నేళ్ళలో ఎన్నడూ లేనంత హాయిగా నిద్రపోయాను.