టెస్ట్ షాట్లలో మనిషి

నా దగ్గర మూడు కెమెరాలు, ఏడు లెన్సులు ఉన్నాయి. అన్నీ బేస్‌మెంట్‌లో, తేమ తగలని పెట్టెలో, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు వరుసగా ఉంటాయి. వాటిని బయటికి తీసి ఏడాది దాటింది. ఎవరైనా అడిగితే టైమ్ కుదరడం లేదని చెబుతున్నాను. అది అబద్ధం. కెమెరా చేతిలోకి తీసుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

అమెరికాలో ఈ అరోరా ఊరికి వచ్చిన రెండో ఏడు మొదలైంది ఈ పిచ్చి. సీమంతం, అన్నప్రాశన, గృహప్రవేశం, ఓణీల ఫంక్షన్, ఏదైనా సరే, కెమెరా బ్యాగు భుజానికేసుకుని తయారయ్యేవాణ్ణి. డబ్బులు తీసుకునేవాణ్ణి కాదు. అందుకని పొగడ్తలు మాత్రం కడుపు నిండా తీసుకునేవాణ్ణి. ‘అచ్చం సినిమాలో లాగా ఉంది’ అని ఎవరైనా అంటే ఆ వారమంతా ఆఫీసులో పని చేయబుద్ధయ్యేది కాదు.

నా గొప్పంతా వెనకాల మసకలో ఉండేది. లెన్స్ లోపల వెలుగు వచ్చే దారిని ఎపర్చర్ అంటారు. దాన్ని ఎంత తెరిస్తే ఫోకస్‌లో ఉండే లోతు అంత తగ్గిపోతుంది. పూర్తిగా తెరిస్తే పెళ్ళికూతురి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు, చెవి దగ్గరికి వచ్చేసరికి అప్పుడే మసక. మా ఫంక్షన్లన్నీ గరాజుల్లోనూ గుడి హాళ్ళలోనూ జరుగుతాయి. మడత కుర్చీలు, నీళ్ళ సీసాల కట్టలు, గోడ మీద ‘ఎగ్జిట్’ బోర్డు, ఇవన్నీ ఆ మసకలో కరిగిపోయి రంగురంగుల చుక్కలైపోతాయి. నేను ఎప్పుడూ లెన్స్‌ని పూర్తిగా తెరిచే తీసేవాణ్ణి. కుర్చీలతో పాటు మనుషులు కూడా కరిగిపోతున్నారన్న సంగతి నాకు తట్టలేదు. తట్టినా పట్టించుకునేవాణ్ణి కాదేమో.

నాతో పాటు ప్రతి ఫంక్షన్‌కీ ఒకడు వచ్చేవాడు. ఒకే ఆఫీసు, ఒకే వీధి, మా ఇంటి నుంచి మూడో ఇల్లు. వరంగల్ వాడు. వాడికి ఫొటోల మీద ఏ ఆసక్తీ లేదు. నాకు తోడుగా వచ్చేవాడు, భోజనాల కోసం వచ్చేవాడు. వాడి పని ఒక్కటే. పాపనో పెళ్ళికూతురినో కూర్చోబెట్టే ముందు ఆ చోట వాడు నిలబడాలి. నేను ఒకటి తీసి, స్క్రీన్ మీద చూసుకుని, ఫ్లాష్ తగ్గించి, మళ్ళీ ఒకటి తీసి, వెలుతురు కుదిరిందనుకున్నాక అసలు మనుషుల్ని పిలిచేవాణ్ణి. వాటిని టెస్ట్ షాట్లు అంటాం. అక్కడికక్కడే డిలీట్ చేసేస్తాం. కెమెరా మెమరీ కార్డులో చెత్త ఉంటే నాకు చిరాకు.

“కొంచెం ఎడమకి జరగరా.”

“ఎడమంటే నీదా, నాదా? జల్ది కానియ్, ఆడ గారెలు చల్లారుతున్నయ్.”

వాడికి కెమెరా అంటే భయం. ఫొటో తీస్తున్నామని తెలిస్తే చాలు, భుజాలు బిగుసుకుపోయి, నిందితుణ్ణి నిలబెట్టినట్టు నిలబడేవాడు. టెస్ట్ షాట్లలో మాత్రం వేరే మనిషి. పై పలువరసలో ఒక పన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉండేది. అది కనిపించేలా, కళ్ళు మూసుకుపోయేలా నవ్వేవాడు. ఎడమ కనుబొమలో చిన్నప్పుడు పడిన గాటు ఒకటుండేది, నవ్వితే అది పైకి లేచేది. ఓసారి అడిగాను, ఇలాగే మామూలు ఫొటోల్లో ఎందుకు నవ్వవురా అని.

“ఎట్లాగూ డిలీట్ చేస్తవ్ గదా. గందుకే నవ్వొస్తది.”

ఆ మాటకి నేనూ నవ్వాను. నవ్వి డిలీట్ చేశాను.

నిరుడు జనవరిలో ఒక శనివారం పొద్దున్న, ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తూ పార చేతిలోనే పడిపోయాడు. నలభై ఒక్కేళ్ళు. అంబులెన్స్ వచ్చేలోపే అయిపోయింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి కారు పెట్టే డ్రైవ్‌వే సగం శుభ్రంగా ఉంది, సగం మంచు అలాగే ఉంది. మిగతా సగం నేనే ఎత్తాను. ఏం చేయాలో తెలియక చేశాను.

ఐదో రోజున వాడి భార్య నన్ను పిలిచింది. డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని ఉంది, ఒళ్ళో నాలుగేళ్ళ పాప నిద్రపోతోంది.

“అన్నా, పదకొండో రోజుకి ఫొటో కావాలె. మీ దగ్గర మస్తుంటయ్ గదా. ఆయన ఎప్పుడూ మీతోనే ఉండె.”

“ఉంటాయమ్మా, నేను చూస్తాను,” అన్నాను.

“నవ్వుతున్నది చూడన్నా. ఇది పదకొండో రోజుతోని అయిపోయేది కాదు. పాపకి నాలుగేండ్లు. ఇంక దానికి గోడ మీద ఉన్నదే వాళ్ళ డాడీ. అది చూసుకుంటనే పెరగాలె.”

ఫోన్లో ఫొటోలు లేవా అని అడిగాను. చూపించింది. కొన్నింట్లో నల్ల కళ్ళద్దాలు, చలికాలం టోపీ. బాగున్నవాటిలో పాప వాడి మెడ కావిలించుకుని ఉంది. బతికున్నవాళ్ళ చెయ్యి దండ వేసే ఫొటోలో ఉండకూడదని, పాపని కత్తిరించినా మెడ మీద ఆ వేళ్ళు మిగిలిపోతాయని వరంగల్ నుంచి వీడియో కాల్‌లో ఆమె అత్తగారు ఏడ్చిందట. మిగిలినవి పెళ్ళి ఆల్బమ్, ఆఫీసు బ్యాడ్జి ఫొటో. వాటిలో వాడు మామూలే, బిగుసుకుపోయి ఉన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం హార్డ్ డిస్కులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. నా ఫొటోలు సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ ముఖాలు గుర్తుపట్టి, ఒక్కొక్కరివీ ఒకచోట చేర్చి చూపిస్తుంది. మా వీధిలో పిల్లలందరూ ఉన్నారు, పురోహితుడు గారు ఉన్నారు, కేటరింగ్ ఆయన కూడా ఉన్నాడు. వాడు లేడు. ఇంత స్నేహం చేసి, ఇన్ని ఫంక్షన్లకి తిప్పి, ఆ యంత్రానికి మనిషిగా ఆనేంత స్పష్టంగా వాడి ముఖం ఒక్కసారీ తీయలేదు నేను.

అప్పుడు ఒక్కో ఫొటో తెరిచి వెనక మసకలో వెతకడం మొదలుపెట్టాను. వాడు దొరుకుతూనే ఉన్నాడు. నీలం చొక్కా, ఒక తల, ఒక చేతిలో ప్లేటు. ఎక్కడా ముఖం లేదు. డిలీట్ చేసినవాటిని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ కొన్నాను. ఇంటికి రాగానే కార్డు ఖాళీ చేసి ఫార్మాట్ చేయడం నా అలవాటు, దాని మీద మళ్ళీ మళ్ళీ తీయడం మరో అలవాటు. వెనక్కి వచ్చింది ఎవరి బర్త్‌డే కేకో ఒక ముక్క, కింద అంతా బూడిద రంగు. వందల సార్లు నా ఎదురుగా నిలబడి నవ్విన మనిషిని నేను వందల సార్లు చెరిపేశాను. ఆ కుర్చీలో కూర్చుని గట్టిగా ఏడ్చాను. మా ఆవిడ పైనుంచి విని దిగివచ్చి పక్కన కూర్చుంది.

చివరికి ఒక గృహప్రవేశం ఫొటో దొరికింది. పాలు పొంగిస్తున్న దంపతుల వెనక, తలుపు పక్కన వాడు ఇటే చూస్తున్నాడు. మసకే, కానీ కళ్ళెక్కడో, నోరెక్కడో తెలుస్తోంది. నవ్వుతున్నట్టే ఉంది. ఇప్పుడు మసక ముఖాల్ని స్పష్టం చేసే ఏఐ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా, అందులో పెట్టి బటన్ నొక్కాను. నిమిషంలో ముఖం వచ్చింది. కనురెప్పలు వచ్చాయి, గడ్డం వెంట్రుకలు వచ్చాయి, పలువరస తీర్చి దిద్దినట్టు వచ్చింది. ఎక్కిన పన్ను లేదు. కనుబొమలో గాటు లేదు. వాడికి దూరపు చుట్టంలా ఉన్నాడు ఆ వచ్చినవాడు.

ఇది నాకు తెలియని విషయం కాదు. లెన్స్‌లోకి రాని వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు, ఊహించి పెడుతుంది. కొత్తగా కెమెరా కొన్నవాళ్ళకి ఈ ముక్క నేనే ఎన్నోసార్లు క్లాసు పీకాను. అయినా దాన్నే తీసుకెళ్ళాను. ఖాళీ చేతులతో ఆ ఇంటి గుమ్మం ఎక్కడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆమె చాలాసేపు చూసింది.

“కండ్లు వేరేగున్నయ్ అన్నా.”

“దూరం నుంచి తీసింది కదమ్మా. కొంచెం క్లియర్ చేశాను. అలా అనిపిస్తుందిలే.”

“పన్ను గూడ కనిపిస్తలేదు.”

“వెలుతురు అలా పడింది,” అన్నాను. అబద్ధం నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో.

ఫోన్లో అత్తగారికి చూపించింది. “నా కొడుకు ఎంత మంచిగున్నడే బిడ్డా, దొర లెక్క ఉన్నడు. గిదే పెట్టుండ్రి,” అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడి భార్య ఫొటో నా చేతికి తిరిగిచ్చింది. నేను పెద్ద సైజులో ప్రింట్ చేయించి, ఫ్రేమ్ కట్టించి తెచ్చాను.

పదకొండో రోజున గుడి హాల్లో అందరూ ఆ ఫొటో ముందు పూలు వేశారు. ఒకాయన నా భుజం తట్టి, “ఎంత బాగా తీశారండీ, మనిషి ఎదురుగా ఉన్నట్టే ఉంది,” అన్నాడు. నేను తలూపాను.

ఈ జనవరిలో సంవత్సరీకం వచ్చింది. దానికి రెండు రోజుల ముందు, మా వీధి చివర ఉండే ఒకావిడ నా ఫోన్‌కి ఓ ఫొటో పంపింది. ఎప్పుడో వాళ్ళ అమ్మాయి ఓణీల ఫంక్షన్‌లో భోజనాల వరసని ఫోన్‌తో తీసిందట, ఇప్పుడు వెతుకుతుంటే కనబడిందట. వరసలో వాడున్నాడు. ఒక్కడే, పక్కన ఎవరూ లేరు. చేతిలో ప్లేటు, ఎవరో ఏదో అంటే నవ్వుతున్నాడు. ఎక్కిన పన్ను, లేచిన కనుబొమ, అందులో గాటు, మూసుకుపోయిన కళ్ళు. వెలుతురు బాగాలేదు, వెనకాల కుర్చీలన్నీ కనబడుతున్నాయి, నీళ్ళ సీసాల కట్టలతో సహా. నేనైతే అలాంటి ఫొటోని ఉంచేవాణ్ణి కాదు. ఎవర్నీ మసకలోకి నెట్టని ఫోకస్‌తో, మామూలు ఫోన్ తీసిన ఆ ఫొటోలో వాడు వాడిలాగే ఉన్నాడు.

అదే సైజులో ప్రింట్ చేయించి మర్నాడు సాయంత్రం ఆఫీసు అవగానే వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ముందు నిజం చెప్పాను. గోడ మీద ఉన్నది సగానికి పైగా మెషీన్ చేసిన ముఖమని, ఆ రోజు నీకు అబద్ధం చెప్పానని చెప్పాను.

“నాకు తెల్సన్నా,” అంది. “మొదటి రోజే తెల్సు. అత్తమ్మ సంబరపడ్డది, మీరు గూడ అంత తిరిగి తెచ్చిండ్రు. ఏమనాలె?”

కొత్త ఫొటో చేతికిచ్చాను. ఆ పన్ను మీద వేలు పెట్టి, “గిదే, గిదే అన్నా,” అంటూ ఏడ్చింది. ఈ ఏడాదిలో ఫోన్లోని పాత ఫొటోలు తెరవడానికి గుండె ఒప్పలేదని, వాడి అసలు నవ్వు ఎలా ఉండేదో తనకే అనుమానం వస్తోందని చెప్పింది. తర్వాత కుర్చీ వేసుకుని, గోడ మీది ఫ్రేమ్‌ని దండతో సహా కిందికి దించింది.

చప్పుడుకి పాప వచ్చింది. ఐదేళ్ళు నిండాయి, కిండర్‌గార్టెన్‌కి వెళుతోంది.

“అమ్మా, డాడీని ఎందుకు తీసేస్తున్నావ్?”

“తీసేస్తలేను బిడ్డా. మంచి ఫొటో దొరికింది. ఇగో చూడు, డాడీ.”

పాప దగ్గరికి వచ్చి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని కొత్త ఫొటో వైపు చూసింది. బాగా చూసింది.

“నో. డాడీ అది,” అని టేబుల్ మీద పెట్టిన ఫ్రేమ్ చూపించింది. “ఈ అంకుల్ ఎవరు?”

వాళ్ళమ్మ మళ్ళీ చెప్పబోయింది. పాప ఫ్రేమ్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఏడుపు లంకించుకుంది. “పుట్ హిమ్ బ్యాక్, అమ్మా. డాడీని పైన పెట్టు, ప్లీజ్.”

ఆమె నా వైపు చూసింది. తర్వాత కుర్చీ ఎక్కి, ఫ్రేమ్‌ని మళ్ళీ మేకుకి తగిలించింది. అది ఒక పక్కకి ఒరిగితే నేనే సరిచేశాను.