కుడిజేబు కోటు

చిరిగిన బట్ట కుట్టుకునేవాళ్లను అందరూ చూసే ఉంటారు. బాగున్న కోటును చింపి మళ్లీ కుట్టే మనిషిని చూడాలంటే మాత్రం ఎనభైల్లో బోధన్ వచ్చి మా పక్కింటి సిద్దిరాములు కాకను కలవాల్సిందే.

చెరుకు సీజనంతా చక్కెర ఫ్యాక్టరీలో కూలి పని, ఎండలు ముదిరితే కోటు పని. నిజామాబాదు అంగడిలో కుప్పపోసి అమ్మే పాతబట్టల్లో దొరికిందట ఆ బూడిదరంగు కోటు. ఏ దొర తొడిగి విడిచాడో గాని, కాక చేతిలో దానికి ఒక్కపూట విశ్రాంతి లేదు. ఇవాళ కాలరు విప్పుతాడు, రేపు చేతులు ఊడదీస్తాడు. కుట్టేది బీడీలు కట్టే దారంతో, కోసేది భార్య భూమవ్వ బీడీలకు తునికాకు కత్తిరించే కత్తెరతో.

"నా కత్తెరేది?" అని భూమవ్వ కేక.

"కోటు కాడున్నది."

"దానికేం రోగమచ్చింది మల్ల?"

"కుట్టు మంచిగ లేదే."

"నిన్న నువ్వే గద కుట్టినవు!"

"గందుకే మంచిగ లేదు."

కాక మాత్రం దాన్ని ఒక్కసారీ తొడుక్కోలేదు. వాడకట్టులో ఎవరి పెండ్లయినా పెండ్లికొడుక్కి ఇచ్చేవాడు. బీడీలు చుట్టే ఇండ్లలో కోటు కుట్టించే స్తోమత ఎవరికుంది? పాన్ మరక పడొద్దన్నది ఒక్కటే షరతు. కోటు తిరిగొచ్చాక మళ్లీ చింపేవాడు. పాపం, మనిషికి కుట్టు పిచ్చి పట్టిందనుకునేవాళ్లం.

మా అన్న నర్సింలుకు కోటగిరి పిల్ల కుదిరింది. ఆ ఇంటి పెద్దల్లుడు ఆత్మారాం కూడా మా వాడకట్టువాడే. పెండ్లి నెత్తిమీదికి వచ్చాక కోటు కోసం వెళ్తే, కాక దాన్ని చాపమీద ముక్కలుగా పరిచి కూర్చున్నాడు.

"కాకా! నా పెండ్లి ముంగట గిదేం పని?" అన్నాడు అన్న, ఏడుపు గొంతుతో.

"లోపలి దిక్కు బట్ట కొత్తగున్నది బిడ్డా. తిర్లమర్ల జేస్తున్న."

"మీదిది మంచిగనే ఉండె గద!"

"కుట్టు మంచిగ లేదు."

మా అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పెండ్లి పొద్దున మాత్రం కాక కోటు తెచ్చి అన్నకు తొడిగాడు. వెలిసి బూడిదరంగైన వైపు లోపలికి పోయి, ఎండ తగలని ముదురు నీలం బయటికొచ్చింది. కాలరు వేరు, బొత్తాలు వేరు. ఒక్కటే లోపం. తిరగేసేసరికి ఎడమ రొమ్ము మీద ఉండాల్సిన జేబు కుడివైపుకు వచ్చింది.

కోటగిరిలో పెండ్లివారింట్లో అడుగుపెట్టగానే నా చూపు గోడమీదికి పోయింది. అక్కడ ఆత్మారాం పెండ్లి ఫొటో, అందులో అతని ఒంటిమీద అదే కోటు! కోటు దొరికితే చాలనుకున్నాం గాని, ఒకే ఇంటి అల్లుళ్లిద్దరూ ఒకే కోటులో దిగుతున్నారని మాకెవరికీ తట్టలేదు. కాకకు తట్టింది. అడిగి తెచ్చుకున్న కోటని బయటపడితే పందిట్లోనే అన్న తల వంచుకోవాల్సి వచ్చేది.

"జేబు కుడి దిక్కున్నదేంది?" అన్నాడు పిల్ల తండ్రి.

"బొంబాయి ఫ్యాషన్ బావా," అన్నాడు మాతో వచ్చిన కాక, కన్నార్పకుండా.

పిల్ల తల్లి ఫొటోనూ అన్ననూ మార్చి మార్చి చూసింది. "ఏమన్న గాని, పెద్దల్లుని కోటు కంటె చిన్నల్లుని కోటే మంచిగున్నది."

ఆత్మారాం దగ్గరికొచ్చి కోటు అంచు పట్టి చూశాడు. బీడీదారం కుట్టు మా వాడకట్టువాడికి తెలియనిదా? అన్న కోటు అంచు వెనక్కి లాక్కోబోయాడు.

"అవ్ అత్తా," అన్నాడు ఆత్మారాం. "నాది పాత ఫ్యాషన్."

భోజనాలయ్యాక ఆత్మారాం, అన్న, నేను కాకను పక్కకు లాగాం.

"నాకిచ్చినప్పుడు గూడ గిట్లనే మార్చినవా కాకా?" అన్నాడు ఆత్మారాం.

"మార్చకుంటె ఎట్ల? పెండ్లి దినం పిల్లగానికి అది ఎవలదో మంది కోటు అనిపియ్యద్దు. గా దినం నీది, ఇయ్యాల నర్సింలుది."

"మరి నీకెందుకు గింత తిప్పల?" అని అన్న అడిగాడు.

కాక నవ్వాడు. "నా పెండ్లిల అడిగి తెచ్చుకున్న కోటేస్కుంటి. మా బామ్మర్ది పందిట్లనే గుర్తువట్టి, ఎవలదో పేరు జెప్పిండు. అందరు నవ్విండ్రు. గప్పుడే కుట్టుడు నేర్సిన."

అన్న గబగబా కోటు విప్పి కాకకు తొడిగి, ఫొటో తీసేవాణ్ణి కేకేశాడు.

"ఏయ్, మీ అత్తోళ్లు సూస్తరురా!" అని కాక గింజుకున్నాడు.

"సూడనీ," అన్నాడు అన్న.

ఆ ఫొటో మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. కోటు కాకకు మోకాళ్లదాకా దిగింది. అటొక అల్లుడు, ఇటొక అల్లుడు, నడుమ కాక పెండ్లికొడుకులా సిగ్గుపడుతున్నాడు.