నా కొడుకంత బెల్లం

నా చిన్నకొడుకు పోయాడు. వడదెబ్బకు పోయాడు. ఏడాదికి పైగా దక్షిణ ధ్రువం మంచులో బతికి వచ్చినవాడు, వరంగల్‌లో ఒక్క మధ్యాహ్నపు ఎండకు పోయాడు. నెల దాటింది. ఇది రాస్తుంటే కూడా ఎవరి కొడుకు గురించో రాస్తున్నట్టుంది. నేను నాలుగో తరగతి వరకే చదివాను, తప్పులుంటే మన్నించండి.

వాడు మిలిటరీలో జనరేటర్లు బాగుచేసేవాడు. సైంటిస్టులతో పాటు ఓడలో మంచు దేశానికి పంపుతున్నారని ఉత్తరం రాశాడు. మేడారం సమ్మక్క తల్లికి మొక్కుకున్నాను. "వాడు మంచులకెళ్లి పాణంతోని వస్తే నిలువెత్తు బంగారం ఇస్త తల్లీ" అని. అమ్మవారి దగ్గర బెల్లాన్నే బంగారం అంటాం. మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం ఇస్తాం.

ఏప్రిల్‌లో వచ్చాడు. వచ్చిన రోజే చేతులు ఒంటికి అంటించుకుని, పాదాలు ఈడ్చుకుంటూ వంటింట్లో పెంగ్విన్ నడక నడిచి చూపించాడు.

"అచ్చం మన కోర్టు వకీళ్ల లెక్కనే అమ్మా. నల్లకోటు, తెల్లంగి."

"తింటరా రా వాటిని?"

"తినుడేందే! ముట్టుకుంటెనే సార్లు కొడ్తరు."

అందులో పెద్ద జాతి ఒకటి ఉందట. తండ్రి పక్షి గుడ్డును పాదాల మీద పెట్టుకుని చలికాలమంతా తిండి లేకుండా నిలబడుతుందట. గాలి వచ్చే దిక్కుకు వీపు తిప్పి, గుడ్డుకు చలి తగలకుండా కాస్తుందట. మా ఆయన వింటున్నాడని వాడు కావాలనే గట్టిగా అన్నాడు.

"నాయినా, ఇన్నవా? నన్ను ఒక్కనాడన్న ఎత్తుకున్నవా?"

"నువ్వు గుడ్డువా రా, దున్నపోతువు!"

సముద్రం మీద గడ్డకట్టిన మంచు మీద నడిచేటప్పుడు భయం కాలేదా అని అడిగాను. "మంచు చెప్పి పగుల్తదమ్మా" అన్నాడు. "ముందుగాల లోపల మోగుతది. ఇని, పక్కకు జరగాలె. అంతే."

ఎండ అలా చెప్పలేదు.

జాతర వచ్చే మాఘమాసంలో. అప్పుడు వాడికి సెలవు దొరకదు. ఉన్నప్పుడే తూచి బెల్లం తెచ్చిపెట్టుకుందామన్నాను. మే నెల. బయలుదేరేటప్పుడు వాడు తలకు తువ్వాలు చుట్టుకోబోతే నేనే ఆపాను. "మంచుల నానిన ఒళ్లు రా. జర ఎండ తగలనియ్యి, చలి ఇడుస్తది." వాడు నవ్వి తువ్వాలు నా భుజం మీద వేశాడు.

బెల్లం మండీలో పెద్ద కాంటా. ఒక పళ్లెంలో వాడు, ఇంకో పళ్లెంలో బెల్లం ముద్దలు. "సార్, జర తక్కువ తినకపోయినవా? మా నడుములు పోతానయ్" అని హమాలీలు నవ్వారు. "ఏడాది డబ్బాల కూడు తిన్న. మా అమ్మ చేతి బువ్వ తింటే ఇంకో ముద్ద ఎక్కాలె" అన్నాడు వాడు.

నేను బెల్లం మూటతో రిక్షాలో, వాడు పక్కనే సైకిల్ మీద, ఎండలో ఇంటికి వచ్చాం. మూట దింపి గోడకు ఆనుకున్నాడు. "అమ్మా, కండ్లు తిరుగుతానయ్" అన్నాడు. నాతో మాట్లాడింది అంతే.

దవాఖానలో డాక్టర్ మంచుగడ్డ తెమ్మన్నాడు. మా ఆయన సోడా దుకాణాలన్నీ తిరిగాడు. కరెంటు లేదు, ఐసు లేదు. ఎక్కడో దొరికిన గడ్డను గోనెలో చుట్టి తెచ్చేసరికి గుప్పెడు మిగిలింది. వాడి నుదుటి మీద పెట్టాను. కరిగి నీళ్లు చెవుల్లోకి కారాయి. వాడు లేవలేదు.

"తల్లి మాట నిలుపుకున్నది వదినా, మొక్కు ఆపొద్దు" అంది మా ఆడబిడ్డ. నిజమే. మంచులోంచి ప్రాణంతోనే తెచ్చింది. నేను ఎండ గురించి మొక్కుకోలేదు.

మాఘంలో తీసుకుపోతాను. అప్పటిదాకా మూట ముందరి గదిలోనే ఉంటుంది. సరిగ్గా వాడంత బరువు. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ దాని మీద పడుతుంది. బెల్లం చెమ్మగిల్లి గోనె మీద మరకలు కడుతుంది. నేను వెళ్లి ఎండకు వీపు పెట్టి దాని ముందు కూర్చుంటాను. ఎండ గోడ ఎక్కి పోయేదాకా లేవను.