రాతిలో నాన్న కళ్ళు

స్నేహితురాలు కెనడా నుంచి తెచ్చిచ్చిన గుప్పెడంత నల్లరాయి బొమ్మ నా బల్ల మీద ఉంది. మంచుదేశంలో ఇన్యూట్ జనం చెక్కిందట. ఒకతను డప్పు ఎత్తి వాయిస్తుంటే చుట్టూ ఆడా మగా పిల్లా జెల్లా చేరి నోళ్ళు తెరిచి పాడుతున్నారు. ముచ్చటైన బొమ్మే. కానీ ఆ ముఖాలకి కళ్ళు లేవు. చూడగానే మా ఊరి రామకోవెల గోడ గుర్తొచ్చింది.

మండపేట దగ్గర మా ఊళ్ళోనే అమ్మకి తండ్రి, మా తాతయ్య, రాతిపని చేసేవాడు. దాళ్వా చేలు పండి గాలినిండా గడ్డివాసన కొట్టే రోజుల్లో, శ్రీరామనవమి పానకానికి మిరియాలు దంచే ఘాటుకి తుమ్ముకుంటూ మేం గుజ్జనగూళ్ళు ఆడుకుంటుంటే, ఆయన పెరట్లో కూర్చుని రామకోవెల గోడకి పెట్టే రాతిపలక చెక్కేవాడు. అందులో మా ఊరి భజనమేళం: హార్మోనియం, చిడతలు, వంత పాడే ఆడవాళ్ళు, నడుమ డోలక్‌తో మా నాన్న. అన్నీ అచ్చం వాళ్ళ ముఖాలే. కళ్ళు మాత్రం ఆఖర్న చెక్కి తెరుస్తారు, అది రాతిపనివాళ్ళ ఆనవాయితీ.

"విగ్రహాలు పోయినోళ్ళకి కదండీ! బతికున్నోళ్ళని రాతిలో పెడతారేంటండీ?" అంది పక్కింటి సూరమ్మగారు. ఆ మర్నాడే నాన్నకి ఒళ్ళు తెలియని జ్వరం వచ్చి రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అమ్మా వెంట వెళ్ళింది. నేను తాతయ్య దగ్గర ఉండిపోయాను. తాతయ్య ఒక్కొక్కరికే కళ్ళు తెరుస్తూ నాన్న వైపు జరుగుతుంటే, ఉలి మీద సుత్తి పడ్డప్పుడల్లా అక్కడ నాన్నకేదో అయిపోతున్నట్టనిపించి చెవులు మూసుకునేదాన్ని. ఆఖరికి పలక మీద పడి నాన్న ముఖాన్ని రెండు చేతులతో కప్పేశాను. నోటినిండా రాతిపొడి.

"వద్దు తాతయ్యా! నాన్న చచ్చిపోతాడు!"

తిడతాడనుకున్నాను. ఉలి కింద పెట్టేశాడు.

"నాక్కూడా భయంగానే ఉందమ్మా" అన్నాడు.

నాన్న బాగై ఇంటికొచ్చాడు. పలక మాత్రం నాన్నకి కళ్ళు లేకుండానే గోడకెక్కింది.

ఇప్పుడు మేళం లేదు, నవమికి సౌండ్ బాక్సులు మోగుతున్నాయి. తాతయ్య పోయాడు. పలకలో కళ్ళున్న వాళ్ళందరూ వయసు మీరి ఒక్కొక్కరే పోయారు. వయసు మీరే పోయారని నాకూ తెలుసు, అయినా లోపల భయం పోలేదు. మిగిలింది నా దగ్గరుంటున్న నాన్న ఒక్కడే. మొన్న కోవెలకి తీసుకెళ్తే పలక ముందు చాలాసేపు నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరైనా రాతిపనోణ్ణి పిలిచి నాకూ కళ్ళు పెట్టించెయ్యవే. మావోళ్ళందర్నీ ఓసారి చూసుకుంటాను."

ఎండెక్కింది నాన్నా, ఇంటికెళ్దాం పద అన్నాను.