పాలచక్కెర లేని మాత్ర

దర్జీగారు మాంసం, గుడ్డు, పాలు, పెరుగు, చివరికి తేనె కూడా ముట్టడం మానేసి చాలా ఏళ్లయింది. ఉన్ని, పట్టు కుట్టరు. ఎవరైనా తెస్తే, చుట్టాన్ని సాగనంపినట్టు మెట్ల దాకా వచ్చి మరీ తిప్పి పంపుతారు. ఈమధ్య ఆయన వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. బి-ట్వెల్వ్ విటమిన్ బాగా తగ్గిందని, మాత్రలు వాడి తీరాలని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. అప్పటినుంచి ఈయన్ని చూస్తే మందుల షాపతనికి గుండె దడ. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, మందు పెట్టెను ముక్కుకు ఆనించుకుని, చీమతలలంత అక్షరాలన్నీ చదువుతారు మరి.

"ఈ క్యాప్సూల్ తొడుగు జంతువుల ఎముకలతో చేసిందయ్యా."

ఇంకోటి ఇస్తే, "ఇందులో పాలచక్కెర ఉంది."

"చిటికెడు కూడా ఉండదండీ!"

"చిటికెడైనా పాలే కదా నాయనా."

అవేవీ లేనివి తెప్పిస్తానని అతను ప్రతిసారీ అంటాడు. ఈయన ప్రతిసారీ సరేనని వచ్చి, అరచేతులు రుద్దుకుంటూ మిషను ముందు కూర్చుంటారు.

నిన్న తెల్లచొక్కాకు గుండీలు కుడుతుంటే, మంచినీళ్లు తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో, రక్తం!"

చొక్కా జేబు మీద ఎర్రటి చుక్కలు. దర్జీగారు ఉలిక్కిపడి లేచి, ఆమె చేతులు రెండూ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎక్కడ తెగిందే నీకు? మాట్లాడవేం?"

ఆమె ఆయన చేతికేసే చూస్తోంది. సూది ఇంకా ఆయన చూపుడువేలికే గుచ్చుకుని వేలాడుతోంది.