గది మనది, గిరాకీ ఆయనది

నా చిన్నప్పుడు కావలి బజారులో మాకొక అంగడి గది ఉండేది. అందులో బాడుగకు ఉన్న పెద్దాయనను అందరూ వలల తాత అనేవాళ్లు. వలలు, నూలు, తాళ్లు, నీళ్లమీద తేలే బెండ్లు అమ్మేవాడు. సముద్రం ఒడ్డు పల్లెల వాళ్లు కొత్త వల కొంటే తొలి ముడి ఆయన చేత వేయించుకుని గానీ కదిలేవాళ్లు కాదు. ఆయన చెయ్యి మంచిదని వాళ్ల నమ్మకం. వాళ్లనే ఎందుకనాలి, పరీక్షల ముందు నేను కూడా నా పెన్ను ఆయన చేతికిచ్చి తీసుకునేదాన్ని.

కొన్నాళ్లకు తాతకు మోకాళ్లు పట్టేశాయి. తడలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోదామనుకున్నాడు. సరుకుతో సహా అంగడిని జువ్వలదిన్నెలో వలలు అల్లే ఒక అక్కకు అప్పగించి, ఆమె ఇచ్చే డబ్బుతో వెళ్లాలని ఆయన ఆలోచన. అయితే గది మాది. మా నాయన ఒప్పుకోనిదే ఇంకొకరికి మార్చకూడదని అగ్రిమెంటులో ఉంది. తాత చేసిన తప్పల్లా ముందు ఆ అక్కకు మాటిచ్చి, తర్వాత మా ఇంటికి రావడం. మా నాయన అసలే మొండి మనిషి. తనను అడక్కుండా బేరం కుదిరిందని తెలిసేసరికి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

“గది నీకిచ్చినాం గానీ నువ్వు చూపిచ్చినోళ్లకు కాదు. ఖాళీ చేసి తాళం ఇచ్చి పో. ఆ సెంటర్లో ఎవురు కూర్చున్నా యాపారం నడస్తాది” అన్నాడు.

తాత గొంతు పెంచలేదు. “ఇన్నేళ్లు ఆడనే కూర్చుంటి గదా అబ్బయా. కూతురింటికి వట్టి చేతుల్తో ఎట్టా పోయేది?” అని మాత్రం అన్నాడు. ఆయన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది. నాయనకు ఎదురు చెప్పే ధైర్యం మా ఇంట్లో జేజికి తప్ప ఎవరికీ లేదు. జేజి అంటే మా నాయన తల్లి.

మర్నాడు పొద్దున్నే జేజి తాత చేత అంగడికి తాళం వేయించి, కొంచెం సరుకుతో మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టింది. ఆ అక్కను కూడా రమ్మంది. మా ఇల్లు బజారు వెనక సందులో, కొత్తవాళ్లకు ఓ పట్టాన దొరకదు. పైగా బజారులో వలలమ్మే అంగళ్లు ఇంకా ఉన్నాయి. అయినా తాళం చూసినవాళ్లు టీ కొట్టులో అడిగి, ఆ అంగళ్లన్నీ దాటుకుని మా సందులోకి రావడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం నాయన భోజనానికి వచ్చేసరికి గడప ముందు అన్నీ చెప్పులే, కాలు పెట్టే చోటు లేదు.

జేజి అన్నం వడ్డిస్తూ, “గది మనదేరా, కాదని ఎవురన్నారు? గిరాకీ ఆయనది. ఆయన సంపాదించుకున్నది మూటగట్టుకుని పోతా ఉంటే గుంజుకునేది మనకెందుకు?” అంది. అరుగు మీదికొచ్చి తాతనూ వదల్లేదు. “గదిగలాయన్ను అడక్కుండా మాటిచ్చేది తప్పు గాదా? రేపు బాడుగ రాకపోతే మావోడు ఎవుర్ని అడగాల? కొన్నాళ్లు ఆ పిల్ల పక్కన కూర్చుని, ఆమెను నిలబెట్టి పో” అని గట్టిగానే చెప్పింది. తాత తలూపాడు.

నాయన చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేసరికి ఎవరో కొత్త వల విప్పుతున్నారు. తాత నూలును ఆ అక్క చేతికిచ్చి, ఆమె చేతి మీద తన చెయ్యి ఉంచి తొలి ముడి వేయించాడు. కొన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, వలను కళ్లకద్దుకున్నారు. “అగ్రిమెంటు ఆమె పేరుతోనే రాయిద్దాంలే. ఆ గది పైరేకు కూడా కారతా ఉండాది, మార్పిస్తా” అన్నాడు నాయన ఎటో చూస్తూ.

ఆ గది ఇప్పుడు నా పేరు మీద ఉంది. అందులో సెల్‌ఫోన్లు బాగుచేసే అబ్బాయి ఈమధ్య వచ్చి, అంగడిని బావమరిదికి అప్పగిస్తానన్నాడు. ముందు నా నోటి దాకా వచ్చిన మాట కుదరదనే. మా నాయన రక్తం మరి, ఎక్కడికి పోతుంది? కానీ సరేనంటే నాకు పోయేదేమిటి, కాదంటే అతనికి పోయేదేమిటి అని ఆలోచించకుండా ఆ మాట అనడం నాకు ఈ వయసులోనూ చేతకాదు. బావమరిదిని పిలిపించుకుని మాట్లాడి, సంతకం పెట్టాను. ఆ అబ్బాయి వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టబోతే పట్టుకుని ఆపాను. ఆ దణ్ణం మా జేజిది.